ట్రినిడాడ్ తారు సరస్సు మీద అమ్మ పాఠం

మా అమ్మ సికింద్రాబాద్‌లో జాగ్రఫీ టీచరుగా పనిచేసి రిటైరయింది. ఇప్పుడు అక్కడే కార్ఖానా ఏరియాలోని మా ఇంట్లోనే పిల్లలకు ట్యూషన్ చెబుతోంది. ఆమె దగ్గర చదివినవాళ్లలో ఎవరినైనా అడగండి, ట్రినిడాడ్ తారు సరస్సు గురించి కళ్లు పెద్దవి చేసుకుని చెబుతారు. ఆ కరీబియన్ దీవిలో నేలలోంచి తారు దానంతటదే ఉబికి వస్తుందని, నల్లగా నిగనిగలాడుతూ కనుచూపు మేర పొంగుతుంటుందని అమ్మ చెప్పేది. నేనూ ఆ క్లాసులో కూర్చున్నదాన్నే. అందుకే ఆఫీసు పని మీద నన్ను నెల రోజులు అక్కడికి పంపుతున్నారని తెలియగానే అమ్మకూ టికెట్ తీశాను. బయల్దేరే ముందు అమ్మ ట్యూషన్ పిల్లలకు మాట ఇచ్చేసింది. "సరస్సు మీద నిలవడి వీడియో కాల్ చేస్త. అందరు మా ఇంట్లనే కూసోండి." వాళ్లను కూర్చోబెట్టే పని పక్కింటి సునీత ఆంటీ మీద పడింది.

శనివారం ఉదయం ఏడింటికి రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నుంచి బయల్దేరాం. సరస్సు ఉన్న లా బ్రెయా ఊరు దక్షిణాన ఉంది. శాన్ ఫెర్నాండో దాకా మంచి హైవే, ఆ తర్వాత గతుకుల రోడ్డు. ఆగుతూ వెళ్తే రెండు గంటల పైనే పడుతుంది. బస్సులు మారుతూ చవగ్గానే వెళ్లొచ్చు గానీ, అమ్మ మోకాళ్ల సంగతి ఆలోచించి రోజంతటికీ కారు మాట్లాడాను. డ్రైవర్ రాజ్ పూర్వీకులు మన దేశం వాళ్లే, ఆయనకు మాత్రం ఇంగ్లిషే వచ్చు. దారిలో ఒక బండి దగ్గర ఆపి డబుల్స్ ఇప్పించాడు. మెత్తటి రెండు రొట్టెల మధ్య శనగల కూర అన్నమాట. "గిది మన శనగల కూరనే కదనే! జెర ఉప్పు తక్కువైంది," అని తీర్పు చెప్పి, అమ్మ ఇంకొకటి అడిగి మరీ తింది. మళ్లీ కారెక్కాక రాజ్ ఇంగ్లిషులో, "ఆంటీ, ముందే చెబుతున్నా. ఆ సరస్సు చూసి చాలామంది ఇంతేనా అంటారు. నన్ను తిట్టొద్దు," అన్నాడు. అమ్మకు ఆ మాట అస్సలు నచ్చలేదు.

సరస్సు మీద సొంతంగా తిరగకూడదు, గేటు దగ్గర గైడ్‌ను తీసుకోవాలి. మేము మనిషికి ముప్పై స్థానిక డాలర్లు ఇచ్చాం, మన డబ్బుల్లో నాలుగు వందల లోపే. మా గైడ్ మార్లిన్ అనే పెద్దావిడ. ఆమె వెంట నాలుగడుగులు వేసి చూద్దుం కదా, సికింద్రాబాద్ స్టేషన్ ముందు తారు పోసి వదిలేసిన ఆటో స్టాండును తెచ్చి అక్కడ పరిచినట్టుంది. అక్కడక్కడా గడ్డి, వాన నీళ్ల మడుగులు. పొంగూ లేదు, నిగనిగా లేదు. మాతో పాటు లోపలికి వచ్చిన ఒక టూరిస్టు కుటుంబం డబ్బులు దండగని గొణుక్కుంటూ అప్పుడే వెనక్కి తిరిగింది.

"గింతేనా?" అంది అమ్మ. ఆ గొంతు వింటే నాకు ఏడుపొచ్చింది. ఇక్కడ ఉదయం పది కావస్తోంది, అంటే కార్ఖానాలో రాత్రి ఏడున్నర. పిల్లలు ఫోన్ ముందు కూర్చుని ఉంటారు. ఒక మడుగులో కలువలు కనిపించాయి.

"అమ్మా, ఆ పూల దిక్కు తిరిగి మాట్లాడు. ఫోన్ల మంచిగనే కనవడ్తది," అన్నాను.

"పిల్లలకు అబద్ధం చూపిస్తానే? ఆటో స్టాండ్ లెక్కున్న దిక్కే చూపియ్యి. ఫోన్ వట్టుకో," అంది.

కాల్ కలిసింది.  అందరికంటే ముందు శ్రావణి అనే పిల్ల ధైర్యం చేసింది. "టీచర్, గిది రోడ్డు లెక్కనే ఉంది. మీరు గిట్ల చెప్పలే కదా!"

"అవునమ్మా. చూడకుంటనే ఎక్కువ చేసి చెప్పిన. పొంగుతలేదు, మెరుస్తలేదు. నేను చెప్పింది కొట్టేసి, ఇప్పుడు చూసిందే రాసుకోండి."

ఏళ్ల తరబడి చెప్పిన పాఠాన్ని అందరి ముందూ దిద్దుకోవడానికి అమ్మ ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. తర్వాత మార్లిన్‌ను ఏదో అడిగి, ఆమె చూపించిన మెత్తటి చోటికి వెళ్లి నిలబడింది. "ఇప్పుడు నా కాళ్ల దిక్కే చూడండి. ఎవ్వరు మాట్లాడొద్దు," అంది. క్లాసులోనూ అమ్మ పద్ధతి ఇదే. చెప్పడం ఆపేసి, పిల్లల్ని చూడనిచ్చేది.

ముందు ఏమీ జరగలేదు. ఫోన్ పట్టుకున్న నా చెయ్యి లాగడం మొదలైంది. అప్పుడు అమ్మ బూట్ల చుట్టూ నేల కొంచెం లేచినట్టు కనిపించింది. తీరా చూస్తే నేల లేవడం లేదు, అమ్మే దిగుతోంది.

"టీచర్, మునుగుతున్నరు! బయటికి రండి!" కార్ఖానాలో ఒకటే కేకలు.

"చూసిన్రా? గట్టిగ కనవడ్తది గని, లోపల కదులుతనే ఉంటది. గందుకే దీన్ని సరస్సన్నరు," అంది అమ్మ. గేటు దాకా వెళ్లిన ఆ టూరిస్టు కుటుంబం కేకలు విని వెనక్కి వచ్చింది. తెలుగు ఒక్క ముక్క అర్థం కాకపోయినా, అందరూ మా అమ్మ కాళ్లవైపే చూస్తూ నిలబడ్డారు.

దాచాల్సిన పని లేదు, అందం కోసం వెళ్తే ఈ చోటు మిమ్మల్ని నిరాశపరుస్తుంది. మమ్మల్నీ నిరాశపరిచింది. అయినా ఆ ఎండలో ఫోన్ పట్టుకుని నిలబడి, నేను గర్వంతో ఉబ్బిపోయాను. ఈమె కూతురినని చాలాసార్లు గొప్పగా చెప్పుకున్నాను గానీ, ఈమె స్టూడెంటునని అంత గర్వపడింది మాత్రం ఆ రోజే. వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట. ఎండ ముదరక ముందే, పాత బూట్లు వేసుకుని వెళ్లండి. ఫోటో తీసుకుని వెంటనే తిరిగి రాకండి. గైడ్ చూపించిన చోట కాసేపు కదలకుండా నిలబడి, మీ కాళ్లవైపు చూడండి.