ముందువాళ్ళ చక్రం

మా పక్కింటి రీనా లెహ్తోలా ఆ వేసవిలో చేసినదాన్ని వాళ్ళమ్మ ఏనాడూ ఉద్యోగమనలేదు. కెనడాలోని మా థండర్ బే ఊళ్ళో కాలేజీ సెలవులకి మిగతా పిల్లలు ఐస్‌క్రీమ్ కొట్లలోనో, సరస్సు ఒడ్డున పడవల దగ్గరో కుదురుకుంటే, ఈమె చర్చి కింది గదిలో పాత సైకిళ్ళు విప్పుకుంటూ కూర్చునేది. పిల్లలు బడికి సైకిల్ మీదే వెళ్ళాలని పాటుపడే సంస్థ ఒకటి మా ఊళ్ళో ఉంది. వేసవికి ఇద్దరు విద్యార్థులను పనిలో పెట్టుకుంటారు. ఆ ఏడు ఒకరు రీనా, రెండోవాడు డారియో.

రీనా నా కళ్ళముందే పెరిగింది. తల్లి లారీ నడుపుతుంది, ఇంట్లో కన్నా రోడ్డు మీదే ఎక్కువ. దించి రావడానికి ఎవరూ లేక ఈ పిల్ల మంచు పడే రోజుల్లో కూడా ముక్కుదాకా కండువా చుట్టుకుని సైకిల్ తొక్కుకుంటూ బడికి పోయేది. కష్టం ఒకరికి చెప్పుకునే అలవాటు లేదు. ఎవరైనా తప్పు చెబితే మాత్రం ఊరుకునేది కాదు.

నా మనవడు సైలస్‌కి తొమ్మిదేళ్ళు. మా అమ్మాయి పోయినప్పటినుంచీ నా దగ్గరే ఉంటున్నాడు. మంచు గడ్డకట్టిన రోడ్డు మీద కారు జారింది. అంతకన్నా రాయలేను. వాణ్ణి తను నడిపే పిల్లల సైకిళ్ళ బారులోకి పంపమని రీనా అడగడానికి వచ్చినప్పుడు నేను పొయ్యి తుడుస్తున్నాను. తుడుస్తూనే ఉన్నాను. ఆమె గుమ్మంలోనే నిలబడింది.

"ఆంటీ, ఆ పొయ్యి ఇంకాసేపటికి అరిగిపోతుంది. వాణ్ణి నాతో పంపండి."

పంపాను.

బడి రైలు పట్టాలకి అవతల ఉంది. బడి తెరిచేలోగా పిల్లలంతా ఒకే బారుగా అక్కడికి వెళ్ళడం సాధన చెయ్యాలి. ముందు రీనా, చివర డారియో. పిల్లలు అతనికి తోక అని పేరు పెట్టారు. తోక మెడలో ఈల ఉండేది. ఈల మోగితే ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోవాలి. ఇక దారి పొడుగునా ఒకటే సూత్రం, ముందువాళ్ళ వెనక చక్రం మీంచి చూపు తిప్పకూడదు. దిక్కులు చూస్తూ తొక్కే పిల్లలు ఒకరి మీద ఒకరు పడతారని రీనా దాన్ని వాళ్ళకి నూరిపోసింది. సైలస్ ఇంట్లో కూడా నా మడమలు చూస్తూ వెనకాలే తిరిగేవాడు. "ముమ్మో, నువ్వు నా ముందు చక్రానివి. గబుక్కున ఆగొద్దు" అనేవాడు. ముమ్మో అంటే ఫిన్నిష్‌లో అమ్మమ్మ.

ఆగస్టు చివర్లో పరీక్ష పెట్టారు. బారు క్షేమంగా బడికి చేరితే సెప్టెంబర్ నుంచి రోజూ రానిస్తానని ప్రిన్సిపాల్ మిసెస్ డగ్గన్ మాటిచ్చింది. తల్లిదండ్రులంతా బడి గేటు దగ్గర నిలబడ్డారు. నాకు అంతదాకా వెళ్ళబుద్ధి కాలేదు. పట్టాలకి ఇవతలే ఆగిపోయాను.

రీనా పట్టాలు దాటింది. ఆమె వెనక ముగ్గురు దాటారు. నాలుగో పిల్ల మేజీ పట్టాల మీదికి ఎక్కుతుండగా రైలు గేటు గంట మొదలైంది. ఎర్ర లైట్లు మిణుకుమన్నాయి. మేజీ వెనక సైలస్ ఉన్నాడు. వాడి తల వంగే ఉంది. లైటూ చూడలేదు, గంటా వినలేదు. మేజీ చక్రాన్నే చూస్తూ తొక్కుతున్నాడు.

నేను అరవలేదు. అరిస్తే నావైపు తిరుగుతాడు, హ్యాండిల్ కూడా తిరుగుతుంది.

చివర్న డారియో ఈల నోట్లో పెట్టుకున్నాడు. అది మోగితే మేజీ పట్టాల మీదే ఆగిపోతుంది. అవతల రీనా ఆగినా అంతే. బారుకి ముందుండేవాళ్ళు ఎప్పుడూ వెనక్కి చూడకూడదని వాళ్ళ నియమం. రీనా చూసింది. చూస్తూనే సైకిల్‌ని పక్కనున్న గడ్డిలోకి తిప్పింది. వెనక ముగ్గురూ, మేజీ కూడా, ఆ చక్రం వెంటే గడ్డిలోకి దిగిపోయారు.

"డారియో, ఊదకు. సైలస్, చక్రాన్ని వదిలెయ్. నా మొహం చూడు."

వాడు తలెత్తాడు. అప్పుడు కనబడింది ఎర్ర లైటు. కాలు నేలకి ఆనించాడు. వాడి వెనకాల పిల్లలూ ఆగారు. గేటు కర్ర వాడి ముందు చక్రానికి అవతల దిగింది. గోధుమల వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. నేను వెళ్ళి వాడి సైకిల్ సీటు పట్టుకున్నాను. రైలు పోయి గేటు లేచేదాకా వదల్లేదు. తర్వాత వాళ్ళ వెంటే బడిదాకా వెళ్ళాను.

బడి దగ్గర చప్పట్లు కొట్టారు. అక్కడి వాళ్ళకి రైలు అడ్డం వచ్చిందని తప్ప ఇంకేమీ తెలియదు. సంస్థ నడిపే మర్లీన్, జరిగింది రీనా నోటే విని, ఆమెని చెట్టు పక్కకి లాగింది.

"నువ్వు నోరు మూసుకుంటే సెప్టెంబర్ మనది."

"సెప్టెంబర్‌లో నేనుండను, మర్లీన్. పిల్లలుంటారు."

అందరి ముందూ జరిగింది జరిగినట్టు చెప్పేసింది. రైలుదీ తప్పు కాదు, పిల్లలదీ తప్పు కాదు, తన సూత్రానిదే తప్పంది. చక్రాన్ని చూడమని నేర్పాను, వీళ్ళు రోడ్డు చూడ్డం మానేశారంది. ఒక తండ్రి కొడుకు చేతిలోంచి సైకిల్ లాక్కున్నాడు. వేసవంతా మా పిల్లల్ని గొర్రెల్ని చేశావా అని అడిగాడు. ఔనంది. మిసెస్ డగ్గన్ తన మాట వెనక్కి తీసుకుంది. నీ పని ముగిసేలోగా ఉన్న ఈ వారంలో ఏం చూపిస్తావో చూపించు, చూశాక చెబుతానంది.

ఆ వారం రీనా నేర్పిందాన్ని ఊడబెరకడానికే సరిపోయింది. పట్టాల దగ్గర అందరూ దిగాలి. ఎవరికి వాళ్ళు చూసుకోవాలి. ముందువాళ్ళు దాటారన్నది లెక్కలోకి రాదు. సగం మంది పిల్లలు రావడం మానేశారు. సైలస్‌ని పంపిస్తారా అని రీనా నన్ను అడగలేదు, నా గుమ్మం తొక్కలేదు. నేనే వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను.

చివరి రోజు మిసెస్ డగ్గన్ వచ్చింది. రీనా పట్టాలు దాటి అవతల నిలబడి చెయ్యి ఊపింది.

"రా సైలస్, ఏమీ లేదు. తొందరగా రా."

వాడు సైకిల్ దిగి నిలబడ్డాడు. కదల్లేదు. ఆమె మళ్ళీ పిలిచింది, ఈసారి కాస్త గట్టిగానే. వాడికి ఆమె అంటే ప్రాణం.

"నువ్వు పిలిస్తే రాను" అన్నాడు వాడు. "చూసుకుని వస్తా."

ఎడమకి చూశాడు, కుడికి చూశాడు. మళ్ళీ ఎడమకి చూసి అక్కడే ఆగిపోయాడు. ఎంతసేపు చూశాడంటే మిసెస్ డగ్గన్ కూడా మెడ సాచి అటే చూసింది. అక్కడ ఏమీ లేదు. అప్పుడు సైకిల్ నడిపించుకుంటూ పట్టాలు దాటాడు. రీనా వాడి భుజం మీద చెయ్యి వెయ్యబోయి, వెనక మేజీ వంతు ఉందని ఆగి, మేజీనీ అలాగే తొందరపెడుతూ పిలవడం మొదలుపెట్టింది.