ఇరవయ్యో గద్ద

నా చిన్నప్పుడు, కార్తీక మాసపు పెద్ద వానలు పట్టకముందు వచ్చే సాయంత్రాల్లో మా తాతయ్య తప్పకుండా మేడ ఎక్కేవాడు. మా ఇల్లు మూలకుళం అనే ఊళ్లో. ఉత్తరం నుంచి చలికాలానికి వలస వచ్చే పిల్లి గద్దలు పగలంతా పొలాల మీద తిరిగి, పొద్దుగుంకే వేళకు మా ఇంటి మీదుగా పడమటి చెరువు పక్క గడ్డిలోకి పడుకోవడానికి పోయేవి. వాటిని లెక్కపెట్టడం తాతయ్యకు తాను పనిచేసే మిల్లు మూతపడ్డాక పట్టుకున్న అలవాటు.

పద్ధతి ఆయన పెట్టిందే. సెల్ టవరు నుంచి నీళ్ల ట్యాంకు దాకా ఆకాశంలో ఒక గీత ఉందనుకోవాలి. అది దాటిన పక్షే లెక్క. దాటి వెనక్కొస్తే ఒకటి తీసెయ్యాలి. పిల్లి గద్ద రెక్కలు రెండూ కాస్త పైకెత్తి తేలుతుంది. ఏడాది పొడుగునా ఊళ్లో ఉండే గద్ద అలా ఎత్తదు, దాని తోక చివర చీలి ఉంటుంది. ఈ తేడా కంటికి కనిపించకపోతే ఆ పక్షి లెక్కలో లేదు. చూసేది ఆయన. ఆయన చెప్పినప్పుడల్లా ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి చింతగింజ వెయ్యడం నా పని.

ఒక ఏడాది ఆ రోజుల్లోనే అమ్మకు డెంగీ జ్వరం వచ్చింది. అమ్మ తాతయ్యకు ఒక్కతే కూతురు. నాన్న ఆస్పత్రిలో ఆమె దగ్గరే ఉండేవాడు. రోజూ రక్తం తీసి ప్లేట్‌లెట్లు ఎన్ని వేలున్నాయో చెప్పేవారు. ఇంట్లో ఆ వేలు అనే మాట వదిలేసి అరవై, నలభై, ఇరవై ఆరు అని చెప్పుకునేవాళ్లం. "ఇరవైకి కింద పోకుండా ఉంటే చాలు మామా" అని నాన్న ఫోనులో తాతయ్యతో అనడం నా చెవిన పడింది.

ఆ సాయంత్రం మెట్లెక్కుతూ మనసులో అనుకున్నాను: ఇవాళ ఇరవై గద్దలు గీత దాటితే అమ్మ బతుకుతుంది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

పక్కింటి అత్త వాళ్ల మేడ మీద బట్టలు తీస్తోంది. "ఏం పెదనాయనా, కూతురు ఆస్పత్రిలో ఉంటే గద్దల్ని లెక్క ఎంచుకుంటా ఉండావే?" అంది.

"వార్డులో ఒకర్నే ఉండనిస్తారమ్మా. ఈడ కూచోని పైకి జూస్తా ఉంటే ఫోను పక్క చూపు పోదు."

ఆమె రాత్రికి మీ ఇద్దరికీ ఇడ్లీలు పంపిస్తానని దిగిపోయింది.

గద్దలు ఒకటీ రెండుగా వచ్చాయి. ఒకటి గీత దాటి, ఏం చూసిందో, వెనక్కి తిరిగింది. గింజ తీసి వెనక్కి మొదటి గిన్నెలో వేశాను. వెలుతురు తగ్గేసరికి గిన్నెలో పంతొమ్మిది. ఇరవయ్యో గింజ వేళ్ల మధ్య పట్టుకుని కూర్చున్నాను. చాలాసేపటికి, బాగా దూరంలో, ఒక పక్షి గీత దాటింది. తాతయ్య లెక్క చెప్పలేదు.

"తాతా, పిల్లి గద్దే గదా అది?"

"రెక్కలు కనబడలేదు."

"పిల్లి గద్దే తాతా. ఎయ్యనా?"

"వద్దు. పోదాం పద, చీకటి పడింది."

నేను లేవలేదు. ఏడుపు వచ్చేసింది. తాతయ్య మళ్లీ నా పక్కనే కూర్చున్నాడు. "ఇరవై ఎందుకురా?" అన్నాడు నా వేళ్ల మధ్య గింజ చూసి. ఆయనే మళ్లీ, "అమ్మకా?" అన్నాడు. తలూపాను.

"నేనూ ఇరవై అనే అనుకుంటి నాయనా. నాకూ కావాల్నే అనిపించింది ఆ పక్షి."

"అట్లయితే ఎయ్యొచ్చు గదా?"

"రేపు డాక్టరమ్మ ఒక లెక్క చెప్తాది. అది మనకు నచ్చేది కాకపోవచ్చు. ఈడ ఇష్టమొచ్చినట్టు లెక్కేసుకుంటే, ఆడ ఆ మాట వినేదానికి ధైర్యం యాడ్నించి తెస్తాం? ఆ గద్దకి మీ అమ్మ ఎవురో తెలీదు. దాని మీద ఎందుకు పెడతావు అంత బరువు? నాకు చెప్పు. ఇద్దరం మోస్తాం."

మరునాడు నన్నూ ఆస్పత్రికి తీసుకుపోయాడు. ఆ రోజు లెక్క పదిహేడు. నాన్న గోడకు ఆనుకుపోయాడు. తాతయ్య గొంతు మామూలుగానే ఉంది. "ఇప్పుడు ఏం జెయ్యాల డాక్టరమ్మా?" అని అడిగాడు. ప్లేట్‌లెట్లు ఎక్కించాలి, రక్తం ఇచ్చేవాళ్లు కావాలి అన్నారు. తాతయ్య పాత మిల్లు స్నేహితులకు ఫోన్లు చేశాడు. మధ్యాహ్నానికి వాళ్ల కొడుకులు ఇద్దరు వచ్చి నిలబడ్డారు. ఆ మర్నాటి నుంచి లెక్క పెరిగింది. పై వారం అమ్మ మా నాన్న భుజం పట్టుకుని ఇల్లు చేరింది.

ఆ సాయంత్రం ఇరవయ్యో గింజ వేసి ఉంటే ఏమయ్యేదని నేను చాలాసార్లు ఆలోచించాను. పొద్దున పదిహేడు అన్నప్పుడు బహుశా గద్దల మీద కోపం వచ్చేది. ఇంకేమీ వినిపించేది కాదు.

ఇప్పుడు నాది యంత్రాల కొలతలు చూసే ఉద్యోగం. మీటరు ముల్లు ప్రమాదపు హద్దు దగ్గర ఆగినప్పుడు, ఈ ఒక్కసారికి ఇవతలే ఉందనుకుందామన్న కోరిక నాకూ పుడుతుంది. అప్పుడు పక్కనున్న మనిషితో, "ఇది ఇవతల ఉండాలని నాకు ఉంది, నువ్వు కూడా ఒకసారి చూడు" అంటాను. ఆ మాట చెప్పినంత మాత్రాన భయం పోదు. ముల్లు ఎక్కడుందో అక్కడే కనిపించేటంతగా తగ్గుతుంది, అంతే.