పసుపు పెట్టిన ఓటు

మొన్న రాత్రి మా టెక్సస్ ఊరు కాపెల్‌లో నిమ్మకాయలంత వడగళ్లు పడ్డాయి. ఈ పొద్దుటి నుంచి మా వీధిలో ఏ ఇంటి మీద చూసినా రూఫర్లే. పాత షింగిల్స్, అదే కప్పు మీది తారు అట్టలు, పీకి కింద పడేస్తుంటే, ఆ దబదబల మధ్య ఆఫీస్ కాల్‌లో నా మాట నాకే వినబడలేదు. మ్యూట్ చేసి కిటికీ దగ్గరికి వెళ్లాను. పక్కింటి కప్పు మీద కూడా మనుషులు ఎక్కి ఉన్నారు. ఆ ఇంట్లో ఇప్పుడు వేరేవాళ్లు ఉంటున్నారు. ఇంతకుముందు అక్కడున్న పెద్దావిడ గ్వెన్ ఉంటే ఈపాటికి డ్రైవ్‌వేలో నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, "దీన్ని కప్పు అంటారా? అట్టముక్కలు!" అని వాళ్లతో వాదన పెట్టుకునేది. వడగళ్లు పడ్డ ప్రతిసారీ ఆవిడ ఆ మాట అనాల్సిందే. పలకరాయి కప్పయితే నూరేళ్లు చెక్కుచెదరదని, తట్టి చూస్తే గంటలా మోగుతుందని చెప్పేది. విని విని మాకు విసుగొచ్చేది గానీ ఆవిడకి రాలేదు.

గ్వెన్‌ది వేల్స్. ఉత్తరాన కొండల్లో బ్లైనయ్ ఫెస్టినియోగ్ అనే ఊరు. మనం చిన్నప్పుడు అ ఆలు దిద్దుకున్న పలక ఉందే, ఆ రాయి తవ్వి ప్రపంచంలో సగం ఇళ్లకి కప్పు వేసిన ఊరు అది. వాళ్ల నాన్న ఆ గనిలో రాయి చీల్చేవాడు. పలకల సైజులకి అక్కడ డచెస్, కౌంటెస్ అని దొరసానుల పేర్లు ఉండేవట. "మా నాన్న రోజంతా కౌంటెస్‌లని ఉలితో కొట్టేవాడు, సాయంత్రం మా అమ్మకి భయపడేవాడు" అని నవ్వేది. టెక్సస్ ఇంజనీరుని పెళ్లి చేసుకుని పాతికేళ్లు నిండకముందే ఇక్కడికి వచ్చేసింది. పిల్లలకి పియానో నేర్పింది. నేను పరిచయమయ్యేనాటికి భర్త పోయి చాలాకాలమైంది, కొడుకు హ్యూ సియాటిల్‌లో ఉన్నాడు. ఆ ఊరి చుట్టూ నేషనల్ పార్క్ గీత గీసినప్పుడు, మధ్యలో ఊరొక్కటీ వదిలేశారట, రాతి వ్యర్థాల గుట్టలు అసహ్యంగా ఉన్నాయని. తర్వాత ఎన్నో ఏళ్లకి ఆ గుట్టలకే ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఆ వార్త ఫోన్‌లో నాకు చూపించి, "మావాళ్లు ఆ రాతిదుమ్ముకి దగ్గి దగ్గి చచ్చినప్పుడు అది చెత్త. టూరిస్టులు వచ్చాక వారసత్వం" అంది. సంతోషమో కోపమో నాకు తెలియలేదు. రెండూ అయి ఉంటాయి.

నా సంగతి కూడా చెప్పాలి. కాలు కాలిన పిల్లి అంటారే, అది నేనే. గ్రీన్ కార్డ్ వరసలో నిలబడి ఎన్నేళ్లయిందో చెప్పుకోవడం మానేశాను. ఇల్లు కొన్నాం గానీ గోడకి ఒక్క మేకు కొట్టలేదు. ఫొటోలన్నీ నేల మీద గోడకి ఆనించి ఉండేవి. పొద్దున పళ్లు తోముకోకముందే కేస్ స్టేటస్ చూసుకోవాలి, పడుకోబోతూ ఇంకోసారి చూసుకోవాలి. గ్వెన్ మొదటిసారి మా ఇంటికి వచ్చి, ఆ ఫొటోల వైపు ఒక చూపు చూసి, "నువ్వు రైల్వే స్టేషన్‌లో కూర్చున్నట్టు ఇంట్లో కూర్చున్నావు, మాధవీ" అంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పరిచయమై వారం కాలేదు, ఈవిడకెందుకు నా గోడల గొడవ? కానీ ఆ మాట చాలారోజులు నన్ను వదల్లేదు.

శనివారం మధ్యాహ్నాలు ఆవిడ గరాజ్ తలుపు పైకెత్తి, మడత కుర్చీలు వేసి, వీధిలోవాళ్లందరికీ రేకు కప్పుల్లో టీ పోసేది. దాన్ని కాబాన్ అనేది. గనిలో పనివాళ్లు భోజనానికి చేరే రాతి గదికి ఆ పేరు. అక్కడ తినేసి ఊరుకునేవారు కాదట. ఒక అధ్యక్షుణ్ణి ఎన్నుకుని, రాజకీయాలో, వేదాంతమో, పాటల పోటీయో పెట్టుకుని, పద్ధతిగా వాదించుకుని, చివర చేతులెత్తి తేల్చుకునేవారట. గ్వెన్ గరాజ్‌లోనూ అదే నియమం. అందరూ ఒకసారి మాట్లాడితే గానీ ఎవరూ రెండోసారి నోరెత్తకూడదు. నా పదేళ్ల కూతురు అన్వి అధ్యక్షురాలైన రోజున 'పిల్లలకి హోమ్‌వర్క్ అవసరమా' అన్నది విషయం. నా వంతు వచ్చేసరికి, ఆఫీస్ మీటింగుల్లో అలవాటైన మాటే అనేశాను. "ఇందాక వాళ్లు చెప్పిందే నాదీనూ."

"అది మాట కాదు" అంది గ్వెన్. "నీ మాట చెప్పు. చెప్పేదాకా కూర్చుంటాం."

"అమ్మా, నువ్వు ఏదో ఒకటి చెప్పాలి, రూల్ అది. ఐ యామ్ ద ప్రెసిడెంట్" అంది నా కూతురు.

చుట్టూ చూశాను. ఎవరూ నన్ను ఆదుకోలేదు. చివరికి, మా నాన్న నా చేత ఎక్కాలు చెప్పించకపోతే నేను హాయిగా ఆడుకునేదాన్ననీ, కానీ ఆయన పక్కన కూర్చోవడం దక్కేది కాదనీ చెప్పాను. గ్వెన్ నా కప్పులో ఇంకొంచెం టీ పోసింది. తర్వాతి సోమవారం ఆఫీసులో మా మేనేజర్ ప్లాన్ తప్పని నా నోటితో నేనే అన్నాను. ఆశ్చర్యం, ఉద్యోగం పోలేదు.

దేశం వదిలి పదిహేనేళ్లు దాటితే బ్రిటన్‌లో ఓటు హక్కు పోయేది. గ్వెన్‌ది ఎప్పుడో పోయింది. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు గనక ఇక్కడా ఓటు లేదు. ఈ మధ్య ఆ చట్టం మారి, ఎంతకాలం క్రితం వెళ్లినవాళ్లయినా తమ పాత నియోజకవర్గంలో ఓటు వేయొచ్చన్నారు. ఆవిడ వెంటనే నమోదు చేసుకుంది. ద్వీవోర్ మెయిరియోన్నిద్ అనే ఆ నియోజకవర్గం పేరు పలకలేక అన్వి నాలుక మడతపడితే, ఒక శనివారమంతా నేర్పించింది. ఎన్నికలు వచ్చాయి. పోస్టల్ బ్యాలట్ మాత్రం రాలేదు. ఆవిడ రోజూ మెయిల్‌బాక్స్ దగ్గరికి నడిచేది, ఎండలో పడిపోతుందేమోనని వెనకాలే నేను. "అక్కడ ఉన్నప్పుడు పెద్దవాళ్లు కొట్లాడి నిలబెట్టిన ఊళ్లో తిని పెరిగాను. నా వంతు వచ్చేసరికి ఇక్కడికి వచ్చేశాను" అంది ఒకరోజు. "ఒక్కసారి నేనూ అక్కడ చెయ్యెత్తాలి, మాధవీ. ఇంకో ఎన్నికకి నేనుంటానో లేదో."

గురువారం పోలింగ్ అనగా బ్యాలట్ సోమవారం చేరింది. మామూలు పోస్టులో వేస్తే అందే ఆశ లేదు. కొరియర్‌లో పంపిద్దామని మా ఇంటికి తీసుకొచ్చాను. ఆవిడ మా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, చెయ్యి అడ్డం పెట్టుకుని, పెన్ను గట్టిగా ఒత్తి గుర్తు వేసింది. నేను కొరియర్ లేబుల్ ప్రింట్ చేయడానికి మేడ మీదికి వెళ్లాను. కిందికి వచ్చేసరికి, ఆర్నెల్ల వీసా మీద వచ్చి ఉన్న మా అత్తగారు, తడి పసుపు గిన్నె పట్టుకుని గ్వెన్ పక్కన నిలబడి ఉన్నారు. బోర్లించిన బ్యాలట్ నాలుగు మూలలా పచ్చగా నాలుగు బొట్లు.

"అయ్యో అత్తయ్యా, ఏంటిది!"

"ఏంటంటావేంటే? శుభమా అని వదినగారు మొదటిసారి ఓటు పంపిస్తుంటే, ఉత్తినే పంపుతారా? మీ వీసా కాయితాలకీ ఇలాగే పెట్టానుగా. అడిగే పెట్టాను, ఆవిడ తలూపింది" అన్నారు అత్తగారు. ఇద్దరికీ ఒక్క భాషా కలవదు. అయినా మొదటిరోజు నుంచీ ఆవిడ గ్వెన్‌ని వదినగారూ అనే పిలిచేవారు.

బ్యాలట్‌తో వచ్చిన సూచనలు గబగబా తిరగేశాను. ఓటరు ఎవరో తెలిసేలా కాగితం మీద గుర్తు ఉంటే ఓటు చెల్లకపోవచ్చు. ఆ కొండల నియోజకవర్గం మొత్తంలో పసుపు పెట్టిన ఓటు ఇంకొకటి ఉంటుందా? తడిగుడ్డతో తుడవబోతే కాగితం చిరుగుతుంది, ఇంకో బ్యాలట్ తెప్పించే వ్యవధి లేదు. నాకు ఏడుపొచ్చింది. గ్వెన్‌కి ఆ వాక్యం చూపించాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని చదివింది. చదువుతూ ఉండగా ఆవిడ ముఖం ముడుచుకుపోవడం నేను చూశాను.

తర్వాత కాగితం మడిచి కవర్లో పెట్టింది. "మా నాన్న ఓటు వేసి వచ్చిన కాగితం మీద ఆయన వేళ్ల దుమ్ము ఉండే ఉంటుంది. ఆ ఊళ్లో అందరివీ బూడిదరంగు వేళ్లే. నాది పసుపు" అంది. "పంపించు. మీ అత్తగారికి ఈ సంగతి చెప్పావంటే మాత్రం ఊరుకోను."

బుధవారం, గురువారం నేను ఫోన్‌లో ట్రాకింగ్ చూసుకుంటూ ఇల్లంతా తిరిగాను. పోలింగ్ ముగియడానికి కాస్త ముందు కవరు అందినట్టు కనబడింది. ప్రాణం లేచొచ్చి పక్కింటికి పరిగెత్తాను. చెల్లని ఓట్లెన్నో, ఎందుకు చెల్లలేదో కూడా తర్వాత ప్రకటిస్తారట, రాగానే చూసి చెబుతానన్నాను. గ్వెన్ తల అడ్డంగా ఊపింది. "కాబాన్‌లో మా నాన్న చెయ్యెత్తేవాడు, టీ తాగేసేవాడు, రాయి దగ్గరికి వెళ్లిపోయేవాడు. చూడకు." నాకు అర్థం కాలేదు. కోపం కూడా వచ్చింది. చూడలేదు గానీ, ఆ కోపం చాలాకాలం ఉంది.

ఆ చలికాలంలోనే గ్వెన్ పోయింది. ఇల్లు ఖాళీ చేయడానికి వచ్చిన హ్యూ, డ్రైవ్‌వేలో పెట్టెల మధ్య నిలబడి నాతో అన్నాడు. "పసుపు సంగతి చెప్పి అమ్మ ఫోన్‌లో తెగ నవ్వింది. మా వంశంలో పూజ చేసి వేసిన ఓటు నాదొక్కటే అంది." తర్వాత ఫోన్ తీశాడు. "ఆ చెల్లని ఓట్ల వివరాలు ఇందులో ఉంటాయి కదా. చూద్దామా?"

నా వేళ్లు దురదపెట్టాయి. దేవుడి తోడు, లాక్కుని చూసేద్దామనిపించింది. "వద్దు" అన్నాను.

"మరి అమ్మ ఓటు లెక్కలోకి తీసుకున్నారంటారా?"

"నాకు తెలియదు, హ్యూ. ఆవిడ మాత్రం ఓటు వేసింది."

ఆ పేజీ నేను ఇప్పటికీ తెరవలేదు. ఈ పొద్దున కూడా, ఆ కప్పు చప్పుళ్ల మధ్య, ఒకసారి తెరవబోయి ఫోన్ బోర్లించాను.