పుక్కిట పట్టిన నీళ్ళు

కరోనా తగ్గి బళ్ళు మళ్ళీ తెరిచిన ఏడాది, జూన్‌లో, చిక్కడపల్లిలోని ఒక పిల్లల చికిత్సా కేంద్రంలో నన్ను సంగీత విభాగానికి ఇన్‌చార్జిగా వేశారు. విభాగమంటే నేనొక్కదాన్నే. పైన డాక్టరుగారు, ఆయన కింద మాటల చికిత్స చేసే సరిత, ఆ తర్వాత నేనూ, నా డోలక్కూ. పాటలతో మాటలొస్తాయా అని డాక్టరుగారు అడిగారు. పాట మాటలు తెప్పించదు, మాటకు చోటిస్తుందన్నాను. మూడు నెలలు చూద్దామన్నారు ఆయన, నమ్మకం లేకుండానే.

రెండో వారంలో అంజమ్మ వచ్చింది. పాలమూరు మనిషి. అశోక్ నగర్‌లో కడుతున్న ఒక హాస్టల్ బిల్డింగులో భార్యాభర్తలిద్దరూ పనిచేసేవారు. కూతురు శివానికి నాలుగేళ్ళు. చెవులు బాగున్నాయని పరీక్షలో తేలింది గానీ పిల్ల నోట ఒక్క మాట లేదు.

"ఆఖరు స్లాబు పడ్డదంటే మేం పోతం మేడమ్. గప్పటిదాంక ఒక్క మాటన్న రావాలె," అంది అంజమ్మ.

స్లాబుకు ఆరు వారాలుంది. ఆ లోపలే సాధించి తీరాలనుకున్నాను.

మా పద్ధతి సులువైనదే. ప్రతిసారీ ఒకే పాట, నేనే కట్టింది: "ఒకటి కొట్టు, రెండు కొట్టు, ఆగి ఆగి మళ్ళీ..." చివరి 'కొట్టు' పాడకుండా ఆపేసి, మనసులో పది లెక్కపెట్టాలి. ఆ ఖాళీని పిల్ల చూపుతో నింపినా, చేత్తో నింపినా, శబ్దంతో నింపినా రిజిస్టరులో ఉన్నదున్నట్టు రాయాలి.

మూడు వారాలు అన్నీ సున్నాలే రాశాను. తప్పు ఎవరిదో నాకు తెలుసనుకున్నాను. నేను పాట ఆపగానే అంజమ్మ "గొట్టు బిడ్డా, గొట్టు!" అనేది. తల్లి ప్రాణం ఆగదు కదా. చెప్పి చూశాను, కోప్పడ్డాను. చివరికి గ్లాసుతో నీళ్ళిచ్చి, పాట పూర్తయ్యేదాకా పుక్కిట పట్టమన్నాను. ఆమె నోములా పట్టింది. అయినా ఆ వారమూ సున్నానే.

అప్పుడు సరిత ఫోనులో తీసిన వీడియో చూపించింది. అందులో అంజమ్మ బుగ్గలు ఉబ్బించి కదలకుండా కూర్చుంది. నేను మాత్రం నాలుగైనా లెక్కపెట్టకుండా 'కొట్టు' అనేస్తున్నాను! ముప్ఫై ఏళ్ళు సంగీతం చెప్పినదాన్ని, తాళం మధ్యలో వదిలేస్తే నాకు ఒళ్ళు మంట. నిదానమే ప్రధానమని ఊరందరికీ చెప్పే నోరే అది. సిగ్గుతో చచ్చిపోయాను.

"మీకు గూడ ఒక గ్లాస్ దెస్త మేడమ్," అంది సరిత. అంజమ్మ పగలబడి నవ్వింది.

ఐదో వారం పాడాను, ఆపాను, వెంటనే నేనూ గ్లాసెత్తి నీళ్ళు పుక్కిట పట్టాను. రోడ్డు మీద నారాయణగూడ వైపు వెళ్ళే బస్సుల హారన్లు వినబడుతున్నాయి. ఆరు, ఏడు. శివాని నా మొహం చూసింది, తల్లి మొహం చూసింది. ఇద్దరి బుగ్గలూ నిండుగా ఉన్నాయి. ఆ గదిలో ఖాళీగా ఉన్న నోరు తనదొక్కటే. తొమ్మిది.

"గొట్టు," అంది. డోలక్కు మీద చెయ్యి పడింది.

అంజమ్మ నీళ్ళు మింగి ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు. రిజిస్టరులో 'కొట్టు' అని రాసి, అది కొట్టేసి, పిల్ల అన్నట్టే 'గొట్టు' అని రాశాను.

స్లాబు పడింది, వాళ్ళు వెళ్ళిపోయారు. నెల తర్వాత అంజమ్మ ఫోను చేసింది. "పాడుండ్రి మేడమ్, పోరి ఇంటది," అంది. పాడాను, ఆపాను. అవతల చప్పుడు లేదు. చేతిలో గ్లాసూ లేదు. ఎనిమిది దాటేసరికి 'కొ' అని సగం నోరు జారింది.

"మేడమ్, జర ఆగుండ్రి," అంది అంజమ్మ.

ఆగాను. పది అయింది, పదకొండు అయింది. పన్నెండుకు "గొట్టు" వినబడింది.

నేను రిటైరయ్యేనాటికి ఆ కేంద్రంలో సంగీతానికి మూడు గదులిచ్చారు, శిక్షణకు కొత్తవాళ్ళొచ్చారు. మొదటి రోజు వాళ్ళకు పాట నేర్పలేదు, తలా ఒక గ్లాసు నీళ్ళిచ్చాను. ఎంత సేపు ఆగాలని అడిగితే పది అంకెలని చెప్పడం మానేశాను. పిల్ల అనేదాకా అని చెప్పాను.