తొట్టి మీద కప్పు

మా కెనెయిల్వేతో వాదించి గెలిచినవాడు లెట్లాకెంగ్ చుట్టుపక్కల ఇంకా పుట్టలేదు. నేను ఆమెకు మేనత్త కొడుకుని, వరసకు బావని. అరవై ఏళ్లుగా ప్రయత్నిస్తూనే ఉన్నాను. వాళ్ల నాన్నకు మగపిల్లలు లేరు. ఆడది దొడ్డిలో అడుగుపెడితే మందకు అరిష్టమని పెద్దలు గొణిగే రోజుల్లోనే, పన్నెండేళ్ల పిల్ల ఈల వేసుకుంటూ మంద వెనక నడిచింది. అరిష్టం మాట దేవుడెరుగు, మంద మాత్రం రెట్టింపయింది. ఇప్పుడామెకు అరవై మూడు. కాళ్లకు గనిలో వేసుకునే బూట్లు, ముక్కులో నస్యం, నోట్లో తిట్లు.

ఒకప్పుడు నా ఆవులు ఆరు ఆమె దగ్గర ఉండేవి. మా దగ్గర దాన్ని మాఫీసా అంటాం. ఆవులు నావి, మేపేది ఆమె, పాలు ఆమెవి, అప్పుడప్పుడూ ఒక పెయ్యదూడ కూడా ఆమెకే. ఆ 'అప్పుడప్పుడూ' దగ్గర నేను కాస్త పిసినారినే, ఒప్పుకుంటాను. కరువుకు భయపడి ఐదింటిని అమ్మేశాను. మిగిలింది నలుపు తెలుపు మచ్చల ఫట్స్వా ఒక్కటే. అది ఈసారి ఈనే దూడ నీదేనని ఆమెకు మాటిచ్చాను.

అప్పటికి మూడో ఏడు సరైన వాన లేదు. ఆగస్టులో వెళ్లి చూస్తే ఫట్స్వా పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు, చూడి కడుపు మాత్రం బరువుగా వేలాడుతోంది.

"ఇది పడిందంటే లేవదు. నిలబడి ఉన్నప్పుడే కబేళాకి తోలేద్దాం" అన్నాను.

"తోలు, తోలు! కడుపులో ఉన్న నా దూడని కూడా తోలు! సిగ్గులేదూ బావా?" అని ఇంతెత్తున లేచింది. తర్వాత గొంతు తగ్గించింది. "ఈనేదాకా ఆగు. మేత సంగతి నేను చూసుకుంటా. అప్పటికీ తేరుకోకపోతే నీ ఇష్టం."

సరేనన్నాను. ఉన్నదల్లా ఒక్క బండెడు మేతకు సరిపడా డబ్బు. లూసర్న్ గడ్డి మోపులు తెద్దామని నేను పట్టుబట్టాను. పచ్చగా ఉంటుంది, వాసనకే పశువు పరిగెత్తుకొస్తుంది. కెనెయిల్వే నా రెక్క పట్టుకుని బయటికి లాక్కెళ్లింది. మోకాలెత్తు ఎండుగడ్డి కనుచూపు మేర నిలబడి ఉంది.

"గడ్డి లేక చిక్కిందా ఇది? చూడు!" అంటూ పేడకడిని బూటుకాలితో చితక్కొట్టింది. లోపల పుల్లలు పుల్లలుగా గడ్డి అలాగే ఉంది. "తింటోంది, అరగట్లేదు. నీ పచ్చగడ్డి పదిహేను రోజులకి సరి. తర్వాత? నిన్ను మేపనా?"

పశువుల ఆఫీసులో ఉండే బాసాడి అనే అమ్మాయి కూడా ఆమెకే వంత పాడింది. "పెద్దమ్మ చెప్పిందే నిజం. ఎండుగడ్డి అరగాలంటే నాకుడు మిశ్రమం పెట్టండి. ఉప్పు, మొక్కజొన్న తవుడు, భాస్వరం పొడి, కొంచెం యూరియా."

"యూరియానా? పొలానికేసేదా? ఆవుకా!" నాకు ఒళ్లు మండింది.

"పొట్టలోని సూక్ష్మజీవులకి తాతయ్యా. అవి బలపడితే గడ్డిని అవే అరిగిస్తాయి. కానీ కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. అది పోసిన తొట్టిలో మాత్రం వాననీళ్లు నిలవకూడదు. యూరియా కరిగిన ఆ నీళ్లు తాగిందంటే గంటలో పోతుంది. పైన కప్పు వేయండి."

మేత డబ్బుతో ఆ మిశ్రమమే కొన్నాం. కప్పు వేసే పని నా మీద పడింది. నేను వేయలేదు. బద్ధకమే అనుకోకండి. మా వైపు తొలివాన పడితే ఎవరూ నీడన నిలబడరు, టోపీలు తీసేసి బయటికొచ్చి దణ్ణం పెడతారు. అలాంటిది మూడేళ్లుగా సరిగా మొహం చూపని వానకు ముందే అడ్డం కడితే అది అలగదూ?

"కప్పేదీ?" అని నేను వెళ్లిన ప్రతి ఆదివారం కెనెయిల్వే అడిగేది.

"రేపు."

"నువ్వు వానలో పుట్టావని రపులా అని పేరు పెట్టారు. వానా లేదు, పనీ లేదు, పేరు గొప్ప ఊరు దిబ్బ!"

మూడు వారాలయ్యేసరికి ఫట్స్వా ఎండుగడ్డిని వదలకుండా మేసింది. పేడ మెత్తబడింది. నేను లోలోపల మురిసిపోయాను కానీ పైకి ఒక్క మాట అంటే ఒట్టు.

అక్టోబరు చివర ఒక ఆదివారం, పులిసిన జొన్నజావ తాగుతుండగా ఉరిమింది. పెద్ద పెద్ద చినుకులు! టోపీ విసిరేసి "పూలా! పూలా!" అని వానను పిలుస్తూ గెంతాను. కెనెయిల్వే కూడా మూడడుగులు ఆడింది. నాలుగోది వేయలేదు.

"తొట్టి!"

ఆ బూట్లతో ఆమె అలా పరిగెత్తడం నేనెన్నడూ చూడలేదు. ఫట్స్వా మూతి తొట్టిలోనే ఉంది, మూలన అప్పుడే నీళ్లు చేరుతున్నాయి. భుజంతో దాన్ని నెట్టి, కొమ్ములు పట్టి లాగి దూరంగా కట్టేసింది. ఇనప డ్రమ్మును నిలువునా కోసి నేల్లో పాతిన తొట్టి, బోర్లించడానికి లేదు. డబ్బాతో ఆ నీళ్లు తోడి గుంటలో పోసి మట్టి కప్పింది.

"పడుకో!" అని నా మీద అరిచింది.

"ఎక్కడ?"

"దానిమీదే! కప్పు వేయని మహానుభావుడా, ఇవాళ నువ్వే కప్పు!"

కంబళి కప్పుకుని బోర్లా పడుకున్నాను. ఆమె గుడిసె తలుపు ఊడబీకి తెచ్చేదాకా ఆమె మందలోని ఆవులు నా చెవులు నాకుతూనే ఉన్నాయి. ఆ తర్వాత ఇద్దరం వానలో ఫట్స్వా పక్కన కూర్చున్నాం. అది ఆ నీళ్లు తాగిందో లేదో తెలియదు. గంట గడిచే దాకా ఆమె తిట్టలేదు, దాంతోనే నాకు భయమేసింది. తప్పు నాది, పోతే పోయేది ఆమె దూడ. చివరికి ఫట్స్వా నిమ్మళంగా నెమరు వేయడం మొదలుపెట్టింది. ముసలివాణ్ని, ఏడ్చేశాను. వానలో ఎవరికి కనిపిస్తుంది! మర్నాడు తెల్లవారకముందే రేకులు తెచ్చి కప్పు వేశాను.

తొమ్మిదో రోజున ఫట్స్వా ఈనింది. పెయ్యదూడ, తల్లి మచ్చలే.

"దూడతో పాటు తల్లినీ ఉంచుకో. నీకే ఇచ్చేశా" అన్నాను. నా జన్మలో అంత ఉదారంగా మాట్లాడి ఎరగను.

కెనెయిల్వే తీరిగ్గా నస్యం పీల్చింది. "దూడ నాది, తీసుకుంటా. తల్లిని నీదిగానే ఉండనీ."

"ఏం, చేదా?"

"నీ ఆవు ఒక్కటి కూడా లేకపోతే ఆదివారాలు ఇక్కడికి ఏం పనుందని వస్తావు?" అంది, దూడ వంకే చూస్తూ. "వెళ్లు, ఆ చివరి రేకు ఊగుతోంది. ఇంకో మేకు కొట్టు."