నిటారుగా పడిన ముద్ర

మా ఆఫీసు నుంచి బయటికి వెళ్ళే కాగితాలన్నీ పదహారేళ్ళపాటు ఒకే మనిషి చేతిలో తయారయ్యాయి. వాటిలో దేనిమీదా ఆవిడ పేరు లేదు. ఆఫీసు మొత్తం వెతికితే ఒకే ఒక్క కాగితం మీద ఉంది. ఆ కాగితం సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. మధ్యలో నా గొంతు పెరిగితే ఏమీ అనుకోకండి. పెరగాల్సిన రోజున పెరగలేదు, అందుకే ఇప్పుడు పెరుగుతోంది.

ఆవిడ పేరు మినోవా చిజుకో. మాది జపాన్‌లోని ఉత్సునొమియాలో పదకొండు వృద్ధుల సంరక్షణ గృహాలు నడిపే సంస్థ. రెండో అంతస్తులో, జిరాక్సు మిషను పక్కన ఆవిడ బల్ల. పర్మనెంటు ఉద్యోగి కాదు, ఏడాదికోసారి మార్చిలో కాంట్రాక్టు పొడిగించేవారు. అరవైకి రెండేళ్ళు తక్కువ. మధ్యాహ్నం ఇంటినుంచి తెచ్చుకున్న అన్నం డబ్బా విప్పేది. అందులో రోజూ సొరకాయ వరుగులు ఉడికించిన కూర, పక్కన ఈ ఊరి పిల్లలంతా తాగే తియ్యటి నిమ్మపాల ప్యాకెట్టు ఒకటి. "ఈ వయసులో చిన్నపిల్లల పాలేంటండీ" అని ఎవరైనా ఏడిపిస్తే, "ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళు పెద్దవాళ్ళవ్వరండీ" అనేది.

ఆవిడ పని నమూనాలు తయారుచేయడం. అంటే ఒక ఉత్తరమో ధ్రువపత్రమో వందల మందికి వెళ్ళాలంటే వంద సార్లు టైపు చేయరు కదా. ఒక నమూనా ఉంటుంది. అందులో గడులుంటాయి. ఏ గడి ఎంత వెడల్పు, అక్షరం ఎంత సైజు, తేదీ చక్రవర్తి పాలన లెక్కన రెయివా సంవత్సరాల్లో పడాలా పాస్‌పోర్టులో ఉన్నట్టు పడాలా, గడిలోకి పేరు ఏ పట్టికలోంచి రావాలి, రావాల్సింది రాకపోతే గడి ఖాళీగా ఉండాలా అసలు కనబడకుండా పోవాలా, ఇవన్నీ ఒక్కో గడికీ విడివిడిగా పెట్టాలి. వినడానికి చాకిరీలా ఉంటుంది. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

ఆవిడ రాకముందు, మా గృహంలో చనిపోయిన ఒక అవ్వ కొడుక్కి ఆ నెల ఉత్తరం వెళ్ళింది. "వచ్చే నెల మీ అమ్మగారి పుట్టినరోజు వేడుకకి తప్పక రండి" అని. ఆవిడ పనిలో చేరిన మొదటి వారంలోనే ఆ సంగతి విని, చనిపోయిన తేదీ గడిలో ఏదైనా ఉంటే వేడుకల వాక్యాలన్నీ వాటంతటవే మాయమయ్యేలా సెట్టింగ్ పెట్టింది. ఎవరూ చెప్పలేదు. ఎందుకంత శ్రమ అని అడిగితే, "ఆ ఇంట్లో ఎవరో ఒకరు ఆ వాక్యం చదువుతారు కదండీ" అంది. అంతే.

ఇంత ఆలోచించే మనిషికి మా మేనేజరు అకుత్సు అప్పగించిన గొప్ప పని ఏమిటో తెలుసా? ముద్రలని వంచడం.

మా కాగితాల్లో ముద్రల వరస ఒకటి ఉంటుంది. గుమస్తా మొదలు డైరెక్టరు దాకా ఒక్కొక్కరూ తమ ఇంటిపేరు చెక్కిన ఎర్ర ముద్ర వేస్తేనే కాగితం కదులుతుంది. చేత్తో వేసే రోజుల్లో కింది ఉద్యోగి తన ముద్రని కొంచెం ఎడమకి వంచి వేసేవాడు, ఎడమ చివరనున్న పెద్దాయనకి వంగి నమస్కరిస్తున్నట్టు. అంతా కంప్యూటర్లోకి మారాక ముద్రలు నిటారుగా పడటం మొదలుపెట్టాయి. అకుత్సుకి నిద్ర పట్టలేదు.

"మినోవా గారూ, డైరెక్టరు గారి పక్కన గుమస్తా ముద్ర రొమ్ము విరుచుకుని నిలబడితే ఏం బాగుంటుంది చెప్పండి? ఇనుయిది ఇరవై డిగ్రీలు వంచండి. నాది పది చాలు."

ఇనుయి అంటే నేనే. వరసలో అందరికన్నా కుడివైపు గడి నాది. మినోవా గారు రెండు రోజులు కూర్చుని, నూటనలభై నమూనాల్లో ఒక్కో ముద్రకీ కోణం పెట్టింది. మూడోరోజు నా దగ్గరికొచ్చి, "మీకు నడుం నొప్పి రాకుండా ఇరవైకి ఒక్క డిగ్రీ తగ్గించాను" అంది. నవ్వాను. ఒళ్ళు మండాల్సిన చోట నవ్వడం నాకు బాగా అలవాటు.

కిందటేడు ఫిబ్రవరిలో డైరెక్టరు గారి అల్లుడుగారికి 'ప్రణాళికా సలహాదారు' అని ఒక హోదా పుట్టింది. హోదా పుడితే ముద్ర పుట్టాలి. ఆరు గడుల వరస ఏడు గడులైంది. ఉద్యోగుల అనుభవ ధ్రువపత్రంలో ఆ వరస, పేరు గడి పక్కపక్కనే ఉంటాయి. చోటు చాలలేదు. ఎవరి చోటు తగ్గించాలి? ఏడుగురు పెద్దమనుషులదా, పత్రం ఎవరి కోసమో వాళ్ళ పేరుదా? మా ఆఫీసులో ఇది ప్రశ్నే కాదు.

నేను అక్కడే ఉన్నాను. మినోవా గారు నెమ్మదిగానే చెప్పింది. "గడి ఇంత ఇరుకైతే పొడుగు పేర్లు పట్టవండీ. పట్టకపోతే అక్షరాలు కుదించుకునే సెట్టింగ్ ఒకటుంది, పెట్టనా?"

"ఒకళ్ళ పేరు పెద్దగా, ఒకళ్ళది చిన్నగానా? చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది. తీసేయండి."

"తీసేస్తే పట్టినంతవరకే ప్రింటవుతుందండీ. మిగతాది తెగిపోతుంది."

"మన దగ్గర అంత పొడుగు పేర్లెవరికున్నాయండీ?" అన్నాడు అకుత్సు. నాలుగైదు అక్షరాలతో పేరు రాసుకునే మనిషికి ప్రపంచమంతా నాలుగైదు అక్షరాలే. మా గృహాల్లో అప్పటికే ముప్పైమంది ఫిలిప్పీన్స్ వాళ్ళు, వియత్నాం వాళ్ళు పనిచేస్తున్నారు. ముసలివాళ్ళకి స్నానాలు చేయించేది వాళ్ళే. ఆయనకి కనబడలేదు.

సెప్టెంబరులో రొవేనా ఆఫీసుకొచ్చింది. మూడో నంబరు గృహంలో నాలుగేళ్ళుగా పనిచేస్తున్న పిల్ల. సంరక్షకుల జాతీయ పరీక్షకి మా ధ్రువపత్రం జతచేసి దరఖాస్తు పెట్టింది. అది వెనక్కి తిరిగొచ్చింది. ఆ పిల్ల పూర్తి పేరు రొవేనా ఎస్పెరాన్సా బలింగిట్ దుమ్లావ్. పత్రంలో పడింది రొవేనా ఎస్పెరాన్సా. సరిగ్గా రెండో మాట అయిపోయిన చోట గడి అయిపోయింది. అందుకే తెగినట్టు ఎవరికీ అనిపించలేదు, అదే పూర్తి పేరనుకున్నారు. పాస్‌పోర్టుతో కలవడం లేదు, వారంలోగా సరిచేసి పంపండి, లేకపోతే దరఖాస్తు రద్దు అని రాశారు.

"మా అమ్మ ఇంటిపేరూ పోయింది, నాన్న ఇంటిపేరూ పోయింది. ఇక మిగిలింది ఎవరండీ?" అంది రొవేనా. నవ్వుతూనే అంది. పరీక్ష ఏడాదికి ఒక్కసారే. ఈ చలికాలం రాసి పాసవ్వకపోతే వసంతంలో ఆ పిల్ల వీసా అయిపోతుంది, ఇంటికి వెళ్ళిపోవాలి.

ఆ పత్రం మీద ఏడు ముద్రలున్నాయి. ముద్ర అంటే 'చూశాను, సరిగ్గా ఉంది' అని. ఏడుగురు చూశారు, నాతో కలిపి. తప్పు మాత్రం ముద్ర లేని ఎనిమిదో మనిషిది అయింది.

సోమవారం ఉదయం మీటింగు పెట్టారు.

"నమూనా తయారుచేసిందెవరు?" అన్నాడు అకుత్సు, తెలియనట్టు.

"నేనేనండి" అంది మినోవా గారు.

"మరి తప్పెవరిదంటారు?"

"గడి సెట్టింగుల కింద వివరం రాసుకునే చోటుందండీ. ఎవరు ఏ మార్పు చెప్పినా అక్కడ రాసిపెడతాను. చూపిస్తాను" అని తెర మీద తెరిచింది. అందరం చదివాం.

'ఫిబ్రవరి 14. అకుత్సు మేనేజరు గారు నోటిమాటగా చెప్పారు. పేరు గడి వెడల్పు ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు. అక్షరాలు కుదించే సెట్టింగ్ తీసేయాలి. పొడుగు పేర్లు తెగుతాయని మనవి చేశాను. ఫరవాలేదన్నారు. ఇనుయి గారు పక్కనే ఉన్నారు.'

పది తలలు నావైపు తిరిగాయి. అకుత్సు కూడా చూశాడు, వచ్చే ఏప్రిల్లో నా ప్రమోషను కాగితం మీద ముద్ర వేయబోయే చూపు అది.

"నాకు... సరిగ్గా గుర్తు లేదండి" అన్నాను.

ఆవిడ నాకేసి చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. తెర మీద ఉన్న వాక్యాన్నే ఇంకోసారి చదువుకుంది, తనేమైనా తప్పు రాసిందా అన్నట్టు.

"అయినా ఇదేంటండీ, ఈ రాత మీద ఎవరి ముద్రైనా ఉందా?" అన్నాడు అకుత్సు. "ముద్ర లేనిది అసలు కాగితం కిందకే రాదు. మీరు తప్పు ఒప్పుకుంటూ లేఖ రాసివ్వండి."

మినోవా గారు లేచి, అందరి ముందూ నడుం వంచి క్షమాపణ చెప్పింది.

ఆ లేఖకి కూడా నమూనా ఉంది. అదీ ఆవిడ తయారుచేసిందే. మిగతావాటిలో లేని గడి దానిలో ఒకటుంది. 'తప్పు చేసినవారి పేరు, ముద్ర.' పదహారేళ్ళకి ఆవిడ పేరుకి మా సంస్థ ఇచ్చిన చోటు అది. పూర్తిగా పట్టేంత వెడల్పుగా ఉంది, అక్కడ మాత్రం ఎవరూ చోటు తగ్గించలేదు.

పైనుంచి కిందిదాకా నింపి అకుత్సు బల్ల ముందు పెట్టింది. సంచిలోంచి చెక్క ముద్ర తీసి, ఎర్ర సిరా అద్ది, చేత్తో వేసింది. అకుత్సు కళ్ళజోడు సర్దుకున్నాడు.

"ఏంటి, వంగలేదే? క్షమాపణ లేఖండీ ఇది."

"ఇందాక మీటింగులో నేను వంగాను కదండీ. ముద్ర కూడా ఎందుకండీ మళ్ళీ" అంది.

ఆయన ముద్రని ఇంకోసారి చూశాడు. లేఖ తీసుకున్నాడు.

"సరే, ముందా ఫిలిప్పీన్స్ అమ్మాయి పత్రం సరిచేయండి. నాలుగు రోజులే ఉన్నాయి."

"ఏం చేయాలో కాగితం మీద రాసి, ముద్రలు వేయించి ఇవ్వండి. నోటిమాట కాగితం కిందకి రాదన్నారు కదా."

ఇవ్వక తప్పలేదు. రెండు రోజులు తిరిగి, ఏడు ముద్రలతో ఆదేశం వచ్చింది. 'పేరు ఏ పరిస్థితిలోనూ తెగరాదు. మామూలు సైజు అక్షరాల్లో, ఒకే వరసలో, పూర్తిగా పడవలెను. పత్రం ఒక్క పేజీ దాటరాదు.' అల్లుడుగారి ముద్ర కూడా ఉంది. చదివే వేసి ఉంటాడని నేననుకోను.

మినోవా గారు గంటలో పని ముగించింది. పేరు గడికి 'కావలసినంత పెరగాలి' అని పెట్టింది. పక్కన ముద్రల వరసకి 'మిగిలిన చోటులో కుదించుకోవాలి' అని పెట్టింది. ప్రింటు నొక్కింది.

రొవేనా ఎస్పెరాన్సా బలింగిట్ దుమ్లావ్. నల్లగా, నిండుగా, కాగితం ఆ చివరి దాకా పడింది. దాని పక్కన అంచుకి నొక్కుకుని ఏడు ఎర్రటి నువ్వుగింజలు. రొవేనా ఆ పేరుని వేలితో ఒకసారి తడిమి, పోస్టాఫీసు వైపు పరిగెత్తింది.

జిరాక్సు కాపీ చూసి అకుత్సు మొహం ముద్రల రంగుకి తిరిగింది. "డైరెక్టరు గారి ముద్రా ఇది? చీమ కుట్టినట్టుంది!"

మినోవా గారు ఆదేశం తీసి ఆయన ముందు పెట్టింది. "ముద్రలున్న కాగితమేనండీ ఇది. ఏడున్నాయి. లెక్క చూసుకోండి."

దాన్ని మార్చాలంటే మళ్ళీ ఏడు ముద్రలు కావాలి. 'పేర్లు తెగినా ఫరవాలేదు' అని కాగితం మీద రాసి ముద్ర వేసే మొనగాడు మా ఆఫీసులో ఒక్కడూ లేడు. ఆ నమూనా ఇవాళ్టికీ అలాగే ఉంది.

మార్చిలో ఆవిడ కాంట్రాక్టు పొడిగించలేదు. కారణంగా ఆ తప్పు లేఖనే చూపించారు. చివరిరోజు బల్ల తుడుచుకుని, వెళ్తూ వెళ్తూ నాకో నిమ్మపాల ప్యాకెట్టు ఇచ్చింది. నేనేదో అనబోయాను. "గుర్తొస్తే చెబుదురుగాని లెండి" అంది. అందులో వెటకారం ఉందో లేదో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. ఏప్రిల్లో నాకు ప్రమోషను వచ్చింది.

పరీక్షా ఫలితాలు ఆవిడ వెళ్ళిన వారానికి వచ్చాయి. రొవేనా పాసైంది. సాయంత్రం డ్యూటీ దిగి యూనిఫాంతోనే వచ్చి, జిరాక్సు మిషను పక్కన ఖాళీ బల్ల చూసి ఆగిపోయింది. చేతిలో ఒక కార్డుంది.

"ఆవిడకి పోస్టులో పంపుతాను. పేరు పూర్తిగా రాయాలి కదండీ. మినోవా తర్వాత ఏంటండీ?"

నాకు తెలియదు. పదహారేళ్ళు ఎదురుబల్ల దగ్గర కూర్చున్న మనిషి సొంత పేరు నాకు తెలియదు. పక్కవాళ్ళని అడిగాను, వాళ్ళకీ తెలియదు. ఉద్యోగుల పట్టికలోంచి అప్పటికే తీసేశారు. చివరికి బీరువా తెరిచి, ఆ తప్పు లేఖ బయటికి లాగాను. పైన ఏడు ముద్రలు. అన్నిటికన్నా ఎక్కువ వంగింది నాది. కింద ఆవిడ పూర్తి పేరు, దాని పక్కన ఆవిడ ముద్ర ఒక్కటే నిటారుగా ఉంది.

"చిజుకో" అన్నాను.

రొవేనా ఒక్కో అక్షరం నెమ్మదిగా రాసుకుంది. ఏ కాగితంలో చూశారండీ అని అడిగింది. నేను చెప్పలేదు.