పరదాకు అటువైపు మాటలు

గౌలిపుర నుంచి వచ్చే పాలామె చెంబులో పాలు పోస్తూ చెప్పింది: "మీ పెద్ద టీచరమ్మ పోయిందంట అమ్మా, పొద్దుగాల. రేపు గూడ గిన్ని పాలే పొయ్యాల్నా?" మా గల్లీలో చావు కబురుకు అంతకంటే ఆర్భాటం ఉండదు.

లాల్‌దర్వాజాలో మేం పనిచేసిన ఆడపిల్లల బడికి ఆమె హెడ్మిస్ట్రెస్. నేను తెలుగు పంతులమ్మను. ఆమెను దేవత అనబోవడం లేదు. "పోయినోళ్లను గట్ల అనొద్దు అమ్మమ్మా" అంటోంది మనవరాలు. ఉన్నప్పుడు అనే ధైర్యం మాకెవరికి ఉండేది?

పరీక్షలొస్తే మా పిల్లలు వాంతులు చేసుకునేవారు, కళ్లు తిరిగి పడేవారు. మేం దిష్టి తీస్తుంటే, "మనసుకు జబ్బు చేస్తే నిమ్మకాయ పులిహోరకే పనికొస్తది" అని ఆమె ప్రతి శనివారం 'ధైర్యం క్లాసు' పెట్టింది. ఒక్కో పిల్ల లేచి తన భయం చెప్పాలి. మిగతావాళ్లు చప్పట్లు కొట్టాలి.

పదో తరగతి పిల్ల ఒకతె లేచి, తండ్రి తాగొచ్చి కొడతాడని చెప్పింది. చప్పట్లు బ్రహ్మాండంగా మోగాయి. సోమవారం నుంచి ఆ పిల్ల వెనకాల తూలుతూ నడవడం తక్కినవాళ్లకు ఆటయింది. "ఏమే, మీ బాపు రాత్రి ఏ మోరీల పడ్డడు?" మాట గల్లీలు దాటి తండ్రి చెవిన పడింది. పిల్ల పెదవి పగిలి బడికొచ్చింది.

"నా క్లాసు ఎట్లున్నది?" అని పెద్ద టీచరమ్మ తరగతిని అడిగింది.

"మంచిగున్నది టీచర్!"

"ఒక్కరు అబద్ధమాడితే తడబడతరు. అందరు కలిసి ఆడితే పాట లెక్క వస్తది" అంది నాతో.

మర్నాడు బడి రిక్షా పరదా విప్పించి, కుట్టు గదికి అడ్డంగా కట్టించింది. అటువైపు ఒక్కో పిల్ల, ఇటువైపు తను. క్లాసు గురించి నిజం చెప్పాలి, ఎవరని అడగనని ఒట్టు. బయట వరుసలో ఉన్నవాళ్లకు వినబడకుండా నేను గుమ్మంలో దారం లేని మిషను తొక్కాలి. ఎం.ఏ. చదివి ఆ రోజంతా గాలి కుట్టాను. నాకు మాత్రం అన్నీ వినబడ్డాయి.

"మీ క్లాసు కన్న బెత్తమే నయం టీచర్. బెత్తం పోయి ఇంట్ల చెప్పదు."

"అందరి ముందల డర్ చెప్తే తగ్గదు, ఇంకో రెండు పెరుగుతయ్."

"మీరు తల నిమిరితే అందరు మస్తు నవ్వుతరు. నిమరకున్రి."

చివరికి ఆ పదో తరగతి పిల్ల గొంతు: "చెప్పింది వాపసు తీసుకోవచ్చా టీచర్?"

"రాదు బిడ్డా." అబద్ధమాడొచ్చు కదా, మహాతల్లి!

పిల్లలతో అన్ని మాటలు పడ్డారేమని తర్వాత అడిగాను. "అడిగినంక పడాలె. పడలేనోళ్లు అడగొద్దు" అంది. ఆ ఒక్క ముక్కకు ఆమెకు నేను రుణపడ్డాను.

చప్పట్లు ఆగిపోయాయి. పరదా మిగిలింది, చెప్పాలనుకున్న పిల్లే, తనకు నచ్చిన టీచరుకే చెప్పేది. వాంతులు తగ్గాయి. ఆ పిల్లను మాత్రం తండ్రి బడి మాన్పించాడు. మేమిద్దరం వాళ్లింటికి వెళితే, "మా ఇంటి ముచ్చట బజార్ల పెట్టినవ్. ఇంక పిల్లను గూడ ఇయ్యాల్నా అమ్మా?" అని తలుపేశాడు.

"ఒక పిల్లను పాడుచేసి తక్కినోళ్లకు వైద్యం నేర్చుకున్న" అంది ఆమె దారిలో. నేను ఓదార్చలేదు. నిజమే కదా.

పాలామె చెప్పిన రోజు సాయంత్రం, అరుగు మీద పడుకోబెట్టిన పెద్ద టీచరమ్మను చూడడానికి, బడి మానిన ఆ పిల్ల వచ్చింది. ఇప్పుడు చంకలో బిడ్డ. "మాఫ్ చేసినవా?" అని ఎవరో అడిగారు.

"ఎందుకు చేస్త?"

బిడ్డను నా చేతికిచ్చి, పెద్ద టీచరమ్మ చెవి మీద పడ్డ బంతిపూలను పక్కకు జరిపి, వంగి ఏదో చెప్పసాగింది. పాడె మోసేవాళ్లు తొందరపెట్టారు. డప్పు ఆగి, మళ్లీ మొదలైంది. ఆ పిల్ల ఇంకా చెబుతూనే ఉంది.